కిటికీ పక్క చోటు

నమ్రత లాప్‌టాప్ కింద మరో పాత పుస్తకం దూర్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని చూసింది. తెర పై అంచు ఇప్పుడు కళ్ళకు సరిగ్గా ఎదురుగా వచ్చింది. పాదాలు నేలకు అందవని కాళ్ళ కింద రెండు ఇటుకలు, వాటి మీద మడిచిన చద్దరు ముక్క. మోచేతులు బల్లకు సమంగా ఆనాయి. వెలుతురు ఎడమ పక్క నుంచి, కిటికీలోంచి పడుతోంది. తను పనిచేసే పుణె కంపెనీవాళ్ళు వీడియోలో చూపించినవన్నీ కుదిరాయి. మెడనొప్పి కూడా తగ్గుముఖం పట్టింది.

వంటింట్లోంచి కత్తెర చప్పుడు వస్తోంది. అత్త బాలమణి బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది.

సోలాపూర్‌లో కుమఠా నాకా దగ్గరి ఆ ఇంటికి ఉన్నవి రెండే గదులు, వీధివైపు ఒకే ఒక్క కిటికీ. ముప్పై ఒక్క ఏళ్ళు బాలమణి ఆ కిటికీ కిందే కూర్చుంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు. మగ్గాల కార్ఖానాలో పనిచేసే భర్త పోయాక కొడుకు మహేశ్‌ను అక్కడ కూర్చునే పెంచింది. వంచిన తల ఎత్తకుండానే వీధిలో పోయేవాళ్ళను చెప్పుల చప్పుడుతో గుర్తుపట్టి పలకరించేది. ఆమె వీపు ఆనిన మేర గోడ సున్నం నూనె పట్టి నల్లబడింది. ఆ మచ్చ ఇప్పుడు బల్ల చాటున పడిపోయింది.

మూడు నెలల కిందట నమ్రతకు మెడ పట్టేసింది. మంచమ్మీద కూర్చుని రోజుకు తొమ్మిది గంటలు ఆస్పత్రి బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించే పని మరి. డాక్టరు కుర్చీ, బల్ల, మంచి వెలుతురు కావాలన్నాడు. మూతపడిన ఏదో ఆఫీసు నుంచి మహేశ్ చక్రాల కుర్చీ తెచ్చాడు. ఎక్కడ వెయ్యాలో తెలియక మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకుంటుంటే బాలమణి లేచి చాట చంకనేసుకుంది.

"నాకేంది బిడ్డా, యాడ కూసున్నా బీడీనే గద. నీది కండ్ల పని."

బీడీ కూడా కళ్ళ పనేనని నమ్రతకు తెలుసు. పెళ్ళికి ముందు జోడ్‌భావి పేట్‌లోని పుట్టింట్లో తల్లి పక్కన కూర్చుని తనూ చుట్టింది. తెలిసీ ఊరుకుంది.

పదకొండింటికి మీటింగు మొదలైంది. తెర మీద మేనేజరు అక్షయ్ సార్, ఇంకో ఏడుగురు. నమ్రత తన వారం పని వివరిస్తుండగా లోపల బాలమణికి దగ్గుతెర వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నట్టుంది, అయినా ఆగలేదు.

ఆ దగ్గు ఎవరిదని అక్షయ్ సార్ మరాఠీలో అడిగాడు. రోజూ ఏదో కత్తెర చప్పుడు కూడా వినబడుతోందన్నాడు.

"పక్కింటివాళ్ళు సార్," నమ్రత మరాఠీలోనే చెప్పింది. "బీడీలు చేసుకునేవాళ్ళు. మావి పల్చటి గోడలు."

దగ్గు ఠక్కున ఆగింది. కత్తెర కూడా ఆగింది. సోలాపూర్‌లోనే పుట్టి పెరిగిన బాలమణికి మరాఠీ తెలియకపోవడమేముంది? మీటింగు అయ్యేదాకా వంటింట్లోంచి చిన్న అలికిడి కూడా రాలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ జొన్నరొట్టె, పల్లీల కారం ముందు పెట్టుకుని కూర్చున్నారు. క్షమించమని అడగడానికి నమ్రత మాటలు వెతుక్కుంటోంది.

"సారేమన్న అన్నడా?" బాలమణే అడిగింది.

"లేదత్తమ్మా. నేనే ఊకె..."

"మంచిగనే చెప్పినవ్ తియ్యి. నౌకరి నిలవాలె గద." రొట్టె తుంచి కారంలో అద్దుకుంది. "నాలుగు దినాలు కుంభారికి పోదామనుకుంటున్న. నాతోని బీడీలు చేసిన సుందరక్క ఒక్కతే ఉంటున్నది. ఆడ బీడీలోళ్ళ కొత్త ఇండ్లు. వాకిట్ల మస్తు ఎలుగంట."

వద్దనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంతకన్నా ముందే గుండె మీంచి ఏదో బరువు దిగింది. దిగినట్టు తనకే తెలిసిపోయింది కూడా.

"బస్సు ఎన్నిటికున్నదత్తమ్మా?"

బాలమణి ఒక్క క్షణం ఆమెవైపు చూసింది. తర్వాత మళ్ళీ కంచంలోకి చూసుకుంది.

"మూడింటికంట."

మూడు కాకముందే బాలమణి గడపలో నిలబడింది, చంకలో గుడ్డ చుట్టిన చాట, చేతిలో సంచి. నమ్రత చెవులకు హెడ్‌ఫోన్లు. ఒక పక్కది తీసింది.

"నడ్మ నడ్మ లేస్తుండు బిడ్డా. ఒక్కతీరుగ కూసోకు, మెడలు పోతయి," అని చెప్పి వీధిలోకి దిగింది. వంగిన ఆ మెడ కిటికీ ముందునుంచి సాగిపోయింది. నమ్రత లేచి బస్‌స్టాండుదాకా వెళ్ళి ఉండొచ్చు. పది నిమిషాల సెలవు ఎవరైనా ఇస్తారు. లేవలేదు.

సాయంత్రం పని ముగించి చాయ్ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళింది. అత్త కూర్చునే మూల శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎందుకో అక్కడ కూర్చోవాలనిపించి గోడకానుకుని కూర్చుంది. బల్బు పక్కకుంది, పొయ్యి గట్టు నీడ సరిగ్గా ఒళ్ళో పడుతోంది. అరచెయ్యి చాపి చూసుకుంది. గీతలు కనబడలేదు.

వెనక్కి చెయ్యి ఆనిస్తే పిండిడబ్బా చాటున గుడ్డసంచి ఒకటి తగిలింది. బల్బు వైపు జరిపి విప్పింది. కట్టలు కట్టలుగా బీడీలు. కొన్ని వదులుగా చుట్టినవి, కొన్ని మూతి విచ్చుకున్నవి, కొన్నింటికి దారం పక్కకు జారింది. బీడీ కార్ఖానాలో పనికిరావని తిప్పి పంపినవి. "మా అమ్మ బీడీ విప్పిచూడకుండనే తీస్కుంటరు" అని మహేశ్ గొప్పగా చెప్పుకునేవాడు. మూడు నెలలుగా ఆమె ఈ సంగతి కొడుక్కీ చెప్పలేదు.

నమ్రత ఫోన్ చేసింది.

"అత్తమ్మా, రేపు ఆయనను పంపిస్త, వచ్చెయ్యి. కుర్చీ నేను వంటింట్ల ఏసుకుంట."

అవతల పిల్లల ఆటల గోల. "వద్దు బిడ్డా. ఈడనే ఉంట ఇగ. పొద్దుగూకుతున్నా దారం కనవడుతున్నది. నా చీరెలు మహేశ్‌తోని పంపు, చాల్తది."

నమ్రత సంచి సంగతి ఎత్తబోయింది. ఎత్తితే తలవంచుకోవలసింది మళ్ళీ అత్తే. జొన్నపిండి అయిపోవచ్చిందని ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది.

చాయ్ సంగతి మర్చిపోయి అలాగే కూర్చుంది. సంచి ఒళ్ళోనే ఉంది. ఆ నీడలో వేళ్ళతో తడిమితే తెలుస్తోంది: పనికిరావన్న బీడీలే అయినా, ఏ కట్టా విడిపోకుండా అత్త ఒకటికి రెండు ముళ్ళు గట్టిగా బిగించింది.