కదలని అంకె

అశ్వారావుపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్న అక్సా, ఖమ్మం నుంచి సత్తుపల్లి దాకా క్షమాపణకు మాటలు పేర్చుకుంటూనే ఉంది. ఒక్కటీ కుదరలేదు. కంప్యూటర్‌కి ఎంత పెద్ద పనైనా పురమాయిస్తుంది గానీ, ఎదుటి మనిషి ముందు తప్పు ఒప్పుకోవాల్సి వస్తే నీళ్లు నమిలే రకం.

అక్సాది తల్లాడ. ఖమ్మంలో ఓ కాలేజీలో పరిశోధన చేస్తోంది. భద్రాచలం అవతలి అడవుల్లో తపసి చెట్టు నుంచి కారే బంక మీద ఆమె పని. పుండ్ల మీద వేసే పట్టీలకు ఆ బంక పనికొస్తుందా, ఎంత వేడికి అది తనలోని నీటిని వదిలేస్తుంది, ఇదీ తేల్చాల్సిన సంగతి. దాన్ని ఇద్దరు రెండు దారుల్లో పట్టుకున్నారు. అక్సా అక్కలా చూసి ఆపా అని పిలిచే ఖమ్మం అమ్మాయి షబ్నమ్, బంకను నిజంగానే నానబెట్టి, వేడిచేసి, తూచి చూసేది. అక్సా మాత్రం బంక అణువులనూ నీటి అణువులనూ కంప్యూటర్‌లోనే కలిపి, అవి ఎలా కదులుతాయో సాఫ్ట్‌వేర్ చేత లెక్క కట్టించేది.

ఆ సాఫ్ట్‌వేర్ అడిగింది రాసిపెడుతుంది, అడగనిది చచ్చినా చెప్పదు. వేడెంత, శక్తెంత, ఏ అణువు ఎక్కడుంది, అన్నీ అడుగడుక్కీ రాయించుకోవచ్చు. కానీ ల్యాబ్ మొత్తానికీ ఉన్నది ఒక్క కంప్యూటర్. దాని డిస్కు నిండితే అందరి పనీ ఆగిపోతుంది. అందుకని ఎంత తక్కువ రాయించుకుంటే అంత బుద్ధిమంతులనే పద్ధతి అక్కడ స్థిరపడిపోయింది. అక్సా అందరికన్నా బుద్ధిమంతురాలు. అణువుల జాడలు వద్దంది, మధ్య లెక్కలు వద్దంది. బంకను పట్టుకుని ఉన్న నీటి అణువులెన్నో చెప్పే వేరియబుల్ ఒకటి తనే తయారుచేసి, లెక్క ముగిశాక దాని విలువ ఒక్క వరసలో రాస్తే చాలంది.

ఎంత వేడి పెట్టినా ఆ విలువ మారలేదు. బంక నీటిని వదలదన్నమాట! అక్సా సంబరానికి అంతులేదు. షబ్నమ్ తూకంలో మాత్రం వేడి పెరిగేకొద్దీ బంక నీటిని వదిలేస్తోంది.

గైడ్ సరళ మేడం ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ తేడా ఎందుకని అడిగింది. షబ్నమ్ నోరు తెరిచేలోపే అక్సా అందుకుంది. "చేతిపని గద మేడం, అటిటు అయితది. కంప్యూటర్‌కు చెయ్యి వణకదు" అంది నవ్వుతూ. షబ్నమ్‌కి తల కొట్టేసినట్టయింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే వచ్చింది. ఇంకోసారి చేయమన్నారు. చివరికి ఆమె లెక్కా అక్సా లెక్కా కలిశాయి, ఇద్దరి పేర్లతో పేపర్ అచ్చయింది. ఆ వెంటనే షబ్నమ్ పరిశోధన మానేసి, అశ్వారావుపేటలో ఓ పామాయిల్ మిల్లులో నూనె పరీక్షించే ఉద్యోగంలో చేరింది. జీతం కోసమే అనుకున్నారంతా.

మొన్న ల్యాబ్‌కి పెద్ద డిస్కు వచ్చింది. థీసిస్‌లో బొమ్మలు పెట్టాలని అక్సా పాత లెక్కనే మళ్లీ నడిపి, ఈసారి అన్నీ రాయించింది. ప్రతి వరసలో వేడి కాస్త ఎక్కి దిగుతోంది, శక్తీ మారుతోంది. నీటి అంకె మాత్రం మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్కటే. అణువులు అంతలా కదులుతుంటే వాటి లెక్క కదలకుండా ఎలా ఉంటుంది? అక్సా తను రాసిచ్చిన ఆదేశాలను తిరగేసి చూసింది. తన వేరియబుల్‌ని సాఫ్ట్‌వేర్ మొదట్లో ఒక్కసారే లెక్కగట్టి, ఆ విలువనే చివరిదాకా మోసుకొచ్చింది. ప్రతిసారీ కొత్తగా లెక్కపెట్టమని తను చెప్పనే లేదు. సరిదిద్ది నడిపితే బంక నీటిని వదిలింది, అదీ షబ్నమ్ చెప్పిన వేడి దగ్గరే.

మిల్లు గేటు ముందు గెలల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. టీ విరామంలో షబ్నమ్ బయటికి వచ్చింది.

"ఏందే, ఫోన్ గూడ చెయ్యకుంట వచ్చినవ్? ఇంట్ల అంత మంచిదేనా?"

"మంచిదే ఆపా. నీకొక మాట చెప్పాలె" అని అక్సా జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "మొదటి సంది నువ్వే కరెక్ట్. పేపర్ వాపస్ తీసుకుందం. నీ లెక్కలే నిజమని అందరికి చెప్త."

షబ్నమ్ ట్రాక్టర్ల వైపు తిరిగింది. "పేపర్ల ఉన్నయి నా లెక్కలు కావు అక్సా. ఆఖరుసారి గూడ బంక నీళ్లు ఇడిసింది. నేనే నీ అంకెకు సరిపోయేటట్టు రాసిచ్చిన."

రెండు లెక్కలూ ఎలా కలిశాయని అక్సా దారి పొడుగునా ఒక్కసారైనా అనుకోలేదు. తన తప్పు తలుచుకోవడమే తనకు సరిపోయింది.

"ఎందుకు ఆపా?"

"నువ్వు అన్న మాటకు నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. కంప్యూటర్ తప్పు చెప్తదా అనుకున్న. రాసిచ్చిన నాడు మేడం మెచ్చుకున్నది, నువ్వు స్వీటు తినిపించినవ్. నాకు మింగుడు పడలే. నువ్వు తెల్వక చేసినవ్, నేను తెలిసి చేసిన. మళ్ల ఆ తూకం ముంగట నిలబడబుద్ధి కాలే. గందుకే ఈడికొచ్చిన, జీతానికి కాదు."

"అయితే ఎవ్వరికి చెప్పొద్దు. నీ పేరు పోతది ఆపా, ఈ నౌకరి గూడ పోతది."

"ఆ పేపర్ చూసి ఎవరో పట్టీలు చేస్తరు. ఎండకాలం పుండు మీద ఎండి అతుక్కపోతది, గుంజితే తోలు ఊడొస్తది. చెప్పాల్సిందే."

షబ్నమ్ లోపలికి వెళ్లి, సగం రోజు సెలవడిగి బ్యాగు తెచ్చుకుంది. పోయిన పేరు తిరిగి ఇచ్చేద్దామని వచ్చిన అక్సా, ఉన్న పేరు కూడా పోగొట్టడానికి ఆమెను వెంటబెట్టుకుని ఖమ్మం బస్సెక్కింది. రాకుండా ఉంటే బాగుండేదనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. షబ్నమ్ ఓదార్చలేదు, కసురుకోనూ లేదు.

సత్తుపల్లి దాటాక అక్సా కళ్లు తుడుచుకుంది. "మేడంకు అంత నేనే చెప్త ఆపా. తప్పంత నాదే అంట."

"వద్దు" అంది షబ్నమ్. "నేను చెప్త. గప్పుడు నువ్వు మాట్లాడినవ్ గద, ఈసారి నన్ను మాట్లాడనియ్యి."