రెండూ ఎడమ చేతులే

బ్యాంకు మేనేజరుగారి కోటుకు మా మామయ్య రెండూ ఎడమ చేతులే కత్తిరించారు. ఒక చెయ్యి గీశాక అచ్చుకాగితం తిరగేసి రెండోది గీయాలి. టైలరు పనిలో అది అ ఆలు లాంటిది. జీవితమంతా కత్తెర పట్టిన మనిషి తిరగేయడం మరిచిపోయారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మేనేజరుగారు కొలత సరిచూసుకోవడానికి వచ్చి కుడి చెయ్యి ఏదని అడిగితే, మిషను దగ్గరున్న నన్ను చూపించి, “మా కోడలు కత్తిరించిందండీ. కొత్త కదా” అనేశారు.

కొత్తట! ఆ కొట్లో బొత్తాలు కుట్టీ కుట్టీ నా వేళ్లు కాయలు కాశాయి. కత్తెర మాత్రం ఏనాడూ నా చేతికిచ్చిన పాపాన పోలేదు. అసలే నా నోరు మంచిది కాదు. అయినా ఆ పూట తల వంచుకుని కూర్చున్నాను. మామయ్య నా వైపు చూడకుండా సుద్దముక్క కోసం బల్లంతా తడుముతున్నారు. అది ఆయన చెవి మీదే ఉంది.

అదే రంగు బట్ట తెప్పించి మళ్లీ కుడతామని బతిమాలితే మేనేజరుగారు మెత్తబడ్డారు. “ఈసారి మీరే కత్తిరించండి మాస్టారూ. ఆ అమ్మాయిని ముట్టుకోనివ్వకండి” అని మరీ వెళ్లారు.

ఆ వారంలోనే కొట్టు మెట్లెక్కుతూ మామయ్య ఆయాసంతో కూలబడ్డారు. మా ఆయన డ్యూటీలో ఉంటే నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, “గుండె లయ తప్పి కొట్టుకుంటోంది పెద్దాయనా. ఇది ఇవాళ మొదలైంది కాదు. ఈమధ్య మతిమరుపు గానీ, పని మధ్యలో తికమకపడటం గానీ ఉందా?” అంది.

“ఛ ఛ! గుండెకీ బుర్రకీ ఏం సంబంధమమ్మా? నా బుర్ర మా కత్తెర కన్నా పదును” అని నవ్వారు మామయ్య.

“సంబంధం లేకపోతే అడుగుతానా? గుండె సరిగ్గా కొట్టుకోకపోతే మెదడుకి రక్తం చాలినంత అందదు. ఒక్కోసారి చిన్న చిన్న గడ్డలు వెళ్లి అడ్డం పడతాయి కూడా. ఉన్నదున్నట్టు చెబితేనే ఏం పరీక్షలు చెయ్యాలో నాకు తెలుస్తుంది.”

మామయ్య నా వైపు చూశారు. చెప్పకే తల్లీ అన్న చూపు అది. గుండెజబ్బంటే పళ్లు పట్టుకొచ్చి పలకరిస్తారు, మతి తప్పిందంటే చాటుగా నవ్వుకుంటారు. చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే మనిషే దక్కడేమో.

“ఉందండీ” అన్నాను. “కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించారు. మొన్న ఇంటికొచ్చే దారిలో సందు తెలియక నిలబడిపోయారు.”

ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా కోటు మాటే ముందెందుకు చెప్పాను? సందు మాట చెబితే చాలదూ? చెప్పేటప్పుడు లోపల కాస్త కసి తీరింది. అది తెలిశాక చచ్చేంత సిగ్గేసింది. మామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ నేలచూపులు చూస్తున్నారు.

“పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేను. మందులు మానకపోతే ఉన్నది నిలబెట్టుకోవచ్చు” అంది డాక్టరమ్మ. దారి పొడుగునా మామయ్య నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గరా అంతే. పలకరించడానికి నాకూ మొహం చెల్లలేదు.

కొత్త బట్ట బల్ల మీద పరిచే రోజున మేనేజరుగారు దగ్గరుండి చూసుకుందామని వచ్చారు. “మీరేగా మాస్టారూ కత్తిరించేది?”

నేను మిషను మీదకి వంగిపోయాను. అవునంటారనే అనుకున్నాను.

“కాదండీ” అన్నారు మామయ్య. “పోయినసారి పాడుచేసింది నేను. పరువు పోతుందని ఈ పిల్ల మీద నెట్టేశాను. గుండెకి జబ్బు చేసిందండీ. దాంతో బుర్ర కూడా అప్పుడప్పుడు తప్పుతోంది.” కత్తెర పిడి నా వైపు తిప్పి పట్టుకున్నారు. “రామ్మా.”

మేనేజరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఒక చెయ్యి గీసి, కాగితం తిరగేసి, రెండోది గీశాను.

“తిరగేశావా అమ్మా?” అన్నారు మామయ్య.

“తిరగేశాను మామయ్యా.”

కత్తెర బట్టలోకి దిగింది. సగం దూరం వెళ్లిందో లేదో, ఆయన మళ్లీ నా భుజం దగ్గరకి వంగి, “కాగితం తిరగేశావా అమ్మా?” అని అడిగారు.

మేనేజరుగారు తల పక్కకి తిప్పుకున్నారు. నేను కత్తెర ఆపి, మొదటిసారి అడిగినట్టే అనుకుని, “తిరగేశాను మామయ్యా” అన్నాను.