బండి ఆగకుంటే

పెట్టెలో రెండు తెల్లచొక్కాలు, పంచె, గడ్డం గీసుకునే సామాను, పక్కన ఆవకాయ సీసా. మూత బిగిసిందో లేదోనని కాత్యాయని మూడోసారి తిప్పి చూసింది. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఆమెకు అరచేతులకు చెమట పడుతుంది. చిన్నప్పుడు నాన్న గొడుగు మరిచిపోయి ఊరికెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఏదైనా మరిచిపోయి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని అప్పటినుంచీ ఆమెకో భయం.

వెంకటసుబ్బారావు తన ఫిజిక్స్ గైడు అచ్చుకివ్వడానికి బెజవాడ వెళ్తున్నాడు. తార్నాకలో కాపురం, ఓ ప్రైవేటు కాలేజీలో పీయూసీకి పాఠాలు. అతను కుర్చీలో వాలి చెబుతుంటే, నాలుగేళ్ళుగా, చారు పొంగకుండా ఓ కన్ను అటేసి, సాపు ప్రతి మూడొందల పేజీలు రాసింది కాత్యాయని. "వాడు గొంతు చించుకుని వస్తుంటే, నీడపట్టున కూచుని నాలుగు ముక్కలు రాయడం కూడా ఒక పనేనా?" అనేది అత్తగారు శ్యామలాంబ. పనే కాకపోతే వేలికి ఈ కాయ ఎలా కాసిందో!

తప్పు బయటపెట్టింది సారలమ్మ. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో వంటచేసే సమ్మక్క కూతురు. నిరుడు ఫిజిక్స్ తప్పి, మధ్యాహ్నాలు పెరటి మెట్ల మీద కాత్యాయని దగ్గర లెక్కలు నేర్చుకునేది.

"అక్కా, సారు లెక్కలల్ల బండి ప్రతిసారి ఆగుతనే ఉంటదేంది? జర మెల్లగై, ఆగకుంట పోతే ఎట్ల?"

కాత్యాయని నవ్వి లెక్క వేసింది. సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో వచ్చే రైలు, నూటయాభై మీటర్లలో పదికి తగ్గింది. సగటు వేగం పదిహేను, పట్టిన కాలం పది సెకన్లు. అంటే సెకనుకు ఒకటి చొప్పున తగ్గాలి. ఆయన సూత్రంలో వేస్తే ఒకటీ ముప్పాతికకు దగ్గరగా వస్తోంది. మళ్ళీ చేసింది. అంతే. అప్పుడు v² = u² + 2as అని రాసుకుని, a ఒక్కదాన్నే ఒంటరిగా నిలబెట్టాలని, మిగతావాటిని ఒక్కొక్కటిగా అవతలికి పంపింది. u² సమానం గుర్తు దాటితే మైనస్ కావాలి. ఆయన ప్లస్సే ఉంచాడు! బండి ఆగినప్పుడు v సున్నా కాబట్టి, ప్లస్సైనా మైనస్సైనా అంకె అదే వస్తుంది. ఇన్నేళ్ళూ ఆగిపోయే బళ్ళే ఆ తప్పును దాచిపెట్టాయి.

చెబితే ఆయన పేపరు దించలేదు. "నా పుస్తకంలో బళ్ళన్నీ ఆగుతాయిలే. పీయూసీ సగంలో మానేసినదానివి, నువ్వు నాకు చెప్పొచ్చావా? రాయమన్నది రాయి." మాన్పించిందెవరో ఆయనకు గుర్తులేదు. ఆమె పెట్టిన మైనస్ మీద ఎర్రపెన్సిలుతో నిలువుగా ఓ గీత గీసి, దాన్ని మళ్ళీ ప్లస్ చేశాడు. ఆమె దస్తూరీ మీద. ఆ ప్లస్సును ఎందరు పిల్లలు వల్లెవేస్తారో!

సారలమ్మకు చెబితే మండిపడింది. "ఇంకెన్నొద్దులు రాస్తవక్కా? నల్లకుంట ట్యుటోరియల్ల ఆడివిల్లల బ్యాచికి చెప్పెటోల్లు కావాల్నట. సర్టిఫికెట్ అడుగరట, బోర్డు మీద లెక్క చేసి సూపియ్యాలె. సోమారం రమ్మన్నరు. అంబర్‌పేట్ల మా ఇంట్ల ఒక అర్ర ఖాళీగనే ఉన్నది."

ఇవాళ సోమవారం.

కాత్యాయని ఆవకాయ సీసా కింద ఆయన పాత నోటుపుస్తకాలు సర్దింది. కోడిగీతల దస్తూరీ, అన్ని ప్లస్సులూ అందులోనే ఉన్నాయి.

"మీ పుస్తకం మీ దస్తూరీలోనే పెట్టానండీ. నేను రాసిన కాగితాలు నాదగ్గరే ఉంచుకుంటున్నాను," అంది.

"సరే సరే. ఆవకాయ పెట్టావా?"

"పెట్టాను."

"గురువారం వస్తా. కందిపొడి అయిపోయింది, కొట్టి ఉంచు."

రిక్షా స్టేషన్ వైపు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. తర్వాత రెండు చీరలు, సిరాబుడ్డి, మూడొందల పేజీలు మూటగట్టింది. సిరాబుడ్డి మూత ఒక్కసారే చూసుకుంది. బయట మబ్బు పట్టి ఉంది. గొడుగు చిలక్కొయ్యకే వదిలేసింది, మరిచిపోయి కాదు.

చెప్పినట్టే వెంకటసుబ్బారావు గురువారం తిరిగొచ్చాడు. 1968 జూన్ 17, సోమవారం మధ్యాహ్నం ఆ గడప దాటిన కాత్యాయని మళ్ళీ రాలేదు.