గుమ్మం దగ్గర నుంచి చూస్తే

నాలుగో రంధ్రంలోంచి డ్రిల్లు వెనక్కి లాగి, సన్యాసయ్య గోడకు మొహం ఆనించి ఉఫ్‌మని ఊదాడు. సున్నప్పొడి లేచి అతని కనుబొమల మీదా, మీసం మీదా వాలింది. పక్కనే నిలబడ్డ కొత్త పెళ్ళికూతురు కిసుక్కున నవ్వి, నవ్వినందుకు తనే నొచ్చుకుని, తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"తుడుచుకోండి అంకుల్."

"ఇప్పుడే ఒద్దమ్మా. స్పీకర్లకి కూడా కన్నాలు పొడవాల కదా. అన్నీ అయ్యాక ఒకేసారి."

టెక్కలిలో మేడ మీద వాటా అది. రూపకీ కార్తికేయకీ పెళ్ళై ఇంకా నెల నిండలేదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండి గలగలలాడుతున్నా తీయడానికి మనసు రాక అలాగే ఉంచుకున్నారు. పెట్టె విప్పగానే వచ్చిన బుడగల ప్లాస్టిక్ కాగితాన్ని ఇద్దరూ చెరో కొస పట్టుకుని టపటప చిదుముతున్నారు. కార్తికేయ కాలేజీలో లెక్కలు చెబుతాడట. ఆ చిదమడం చూస్తే ఎవరూ నమ్మరు.

సన్యాసయ్యది పలాసలో ఒక టీవీల షాపులో పని. వెదురుబొంగుకి యాంటెన్నా కట్టి డాబాలెక్కిన రోజుల నుంచీ ఇదే పని. అప్పట్లో పైన ఒకరు బొంగు తిప్పాలి, కింద ఇంకొకరు బొమ్మ చూసి అరవాలి. అతని సొంత వాటాలో ఆ అరిచే మనిషి అతని భార్య సరస్వతి. "వచ్చింది... వచ్చింది... పోయింది, తిప్పీసినావు" అని వీధి వీధంతా వినబడేలా అరిచేది. ఇప్పుడు యాంటెన్నాలు లేవు. కానీ ఈ పలకలాంటి టీవీని గోడకెక్కించడానికి కూడా ఇద్దరు మనుషులు కావాలి. ఏ ఇంటికి వెళితే ఆ ఇంటివాళ్ళే రెండో కొస పట్టుకుంటారు.

ఐదు స్పీకర్లూ అమర్చాక సన్యాసయ్య గది మధ్యలో కుర్చీ వేసి చూపించాడు.

"సౌండంతా ఇక్కడికి గురెట్టేనమ్మా. ఇక్కడ కూసున్నోళ్ళకి వాన పడితే నెత్తిమీద పడినట్టే ఉంటాది. పక్కకి జరిగితే అంత బాగుండదు."

"అంటే ఒక్కళ్ళకేనా?" రూప మొహం చిన్నబోయింది. "మేం ఇద్దరం కదా."

"దగ్గరగా కూసోండి. సరిపోతాది."

కార్తికేయ చెవులు ఎర్రబడ్డాయి. రూప పైట నోటికడ్డం పెట్టుకుంది. సన్యాసయ్య ఏమీ ఎరగనట్టు వంగి తీగలు సర్దుకున్నాడు.

టీవీ వెలిగేటప్పుడు అతను ఎప్పుడూ టీవీ చూడడు. దాని పక్కన గోడకి చేరబడి, ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు చూస్తాడు. ముందు నీలం వెలుగు పడుతుంది, తరవాత రంగులు. కళ్ళు పెద్దవవుతాయి, నోళ్ళు కొంచెం తెరుచుకుంటాయి. ఎంత గట్టి మనిషైనా ఆ క్షణంలో చిన్నపిల్లాడిలా ఉంటాడు. ఈ పనిలో అతనికి దక్కిన సంబరం అదొక్కటే, దాన్ని ఎన్నడూ ఎవరితోనూ పంచుకోలేదు.

రూప తమ పెళ్ళి వీడియో పెట్టింది. తలంబ్రాల బియ్యం ఒక్కో గింజా విడివిడిగా కనిపించింది.

"అమ్మో, నా ముక్కు మీద చెమట కూడా కనబడుతోంది," అంది.

"బొమ్మ టీవీలో ఉండదమ్మా. తీసినదాంట్లో ఉంటాది. టీవీ దాన్ని పెద్దది సేసి సూపిత్తాది, అంతే. అందులో లేనిది ఇదెక్కడి నుంచి తెత్తాది?"

ఈ మాట అతను ప్రతి ఇంట్లో చెబుతాడు. ఈవేళ చెబుతూ చెయ్యి జేబు మీదికి పోనిచ్చాడు. జేబులో ఫోను బరువుగా తగిలింది.

ఆ ఫోన్లో సరస్వతి ఉంది. ఆమె పోయాక అతనికి మిగిలిన కదిలే బొమ్మ అదొక్కటే. పాత చిన్న ఫోనుతో తీసిన వీడియో, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది. తెరలో ఆమె మొహం బొటనవేలి గోరంత. గోడకి ఫోటో పెడదామని రేషను కార్డులోది స్టూడియోకి ఇస్తే, ఆ కుర్రాడు మొహం కత్తిరించి ఎవరిదో పట్టుచీర కట్టిన ఒంటికి అతికించి, మెళ్ళో కాసులపేరు కూడా వేసి ఇచ్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కల పెంకు ఒలిచీ ఒలిచీ వేళ్ళు నల్లబడిన సరస్వతికి ఆ ఫోటోలో తెల్లటి చేతులు. సన్యాసయ్య దాన్ని స్టూడియోలోనే ఒదిలేసి వచ్చాడు. కాశీబుగ్గలో అతను ఉండే గదిలో గోడల మీద కేలండర్ తప్ప ఏమీ లేదు. టీవీ కూడా లేదు.

ఒక్కసారి పెద్ద తెర మీద, నిలువెత్తున ఆమెను చూడాలని అతని కోరిక. షాపులో నిండా టీవీలే, కానీ నిండా మనుషులు కూడా. జనం లేని ఇళ్ళు దొరికినప్పుడు భయం అడ్డొచ్చేది. పెద్దది చేస్తే మొహం ఏమవుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఉన్న ఒక్క బొమ్మా కళ్ళముందు చెదిరిపోతే ఆ తరవాత చిన్న తెరలో కూడా అలాగే కనిపిస్తుందేమో. అలా రేపు, రేపు అని నెట్టుకొచ్చాడు.

ఇక రేపు లేదు. రేపు పెద్దాసుపత్రిలో ఎడమచేతికి చిన్న ఆపరేషను. రక్తం శుద్ధిచేసే మెషీను కోసం చేతిలో రెండు నరాలు కలుపుతారు. ఆ చేత్తో ఇక బరువులెత్తకూడదని డాక్టరు ముందే చెప్పాడు. ఒంటి చేత్తో టీవీ ఎక్కించేవాణ్ణి ఏ షాపు పెట్టుకుంటుంది? ఈవేళ చేతిలో ఇంకో ఇల్లు ఉంది. అంతే.

"టీ తాగండి అంకుల్," అంది రూప.

"ఇప్పుడే తాగొచ్చేనమ్మా," అని అబద్ధం చెప్పి మెట్లు దిగాడు.

కింద త్రినాథ్ బండి స్టార్టు చేసి ఉంచాడు. షాపు సామాన్లు తిప్పే ట్రాలీ ఆటో అతనిదే. పలాస దాటి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటి, రోడ్డు సముద్రం వైపు తిరిగేదాకా నోరు మూయలేదు.

"రేప్పొద్దున్నుంచి నివ్వు మహారాజువి మావా. కుర్సీలో కూసుని మమ్మల్ని తిట్టడమే."

"నిన్ను తిట్టాలంటే ఒంట్లో ఓపికుండాల కదరా."

త్రినాథ్ నవ్వాడు. నవ్వు సగంలో ఆపేసి హారన్ కొట్టాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

పల్లె చివర, ఇసక మొదలయ్యేచోట అప్పలమ్మ ఇల్లు. అరుగు మీద ఎండుచేపలు ఆరబోసి, కాకులకి కర్ర చూపిస్తూ కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. గంపలు మోసిన మెడ నిటారుగా నిలబడి ఉంటుంది. టీవీ పెట్టె లోపల దించి, కంచిలిలో ఒక ఫ్రిజ్ ఇచ్చి వస్తానని త్రినాథ్ వెళ్ళిపోయాడు.

గుమ్మానికి ఎదురుగోడ మీద దండ వేసిన ఆమె భర్త ఫోటో ఉంది. ఈ చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా ఆ గోడ అలాంటి ఫోటోదే. టీవీకి పనికొచ్చే గోడా అదే. సన్యాసయ్య ఫోటో తీయండని ఎవరితోనూ అనడు. చేతులు కడుక్కుని, "పెద్దాయన్ని ఎక్కడ కూసోబెట్టమంటారు?" అని అడుగుతాడు. ముందు ఆ ఫోటోకి మేకు కొట్టాకే టీవీ పెట్టె విప్పుతాడు. ఒక ఇంట్లో కోడలు, అత్తగారి ఫోటోని తలుపు వెనక పెట్టమంది. అప్పుడు మాత్రం మేకు కొట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"మా గురయ్యని ఎదురుగా ఎట్టు బాబూ, గుమ్మం పక్కన," అంది అప్పలమ్మ. "ఆడు కూడా సూత్తాడు. బతికున్నన్నాళ్ళూ ఏ ఇంట్లోనో గుమ్మంలో నిలబడి సూసినోడే."

సన్యాసయ్య దండ తీసి ఆమె చేతికిచ్చి, ఫోటోని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి గుమ్మం పక్కన తగిలించాడు. గాజుగొట్టంలో పచ్చనీళ్ళు, అందులో ఒక బుడగ ఉండే రసమట్టాన్ని చట్రం మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా సర్దాడు.

"ఆపు కాసేపు. బొండం కొట్టిత్తాను, తాగు."

"ఒద్దమ్మా."

"పోనీ మజ్జిగ."

"ఒద్దు. గొంతు తడుపుకోడానికి రెండు సుక్కల నీలు సాలు."

అప్పలమ్మ కత్తి పక్కన పెట్టింది. అతని కళ్ళ కింద వాపుని చూసింది. చెప్పులు విప్పిన చోట పాదాల మీద లోతుగా పడ్డ పట్టీల గుర్తులు చూసింది.

"ఎంతుంది?"

ఇంటింటా ఇదే జబ్బున్న ఈ ఊళ్ళలో ఆ ప్రశ్నకి ముందూ వెనకా మాటలు అక్కర్లేదు. కిడ్నీల సంగతి తెలిపే రక్తపరీక్షలో ఎంత వచ్చిందో అడుగుతోంది.

"ఏడు దాటీసింది."

"గురయ్యకి తొమ్మిది కాడ మిసను ఎట్టారు." గ్లాసులో అడుగున కాసిని నీళ్ళు పోసి తెచ్చింది. సరిగ్గా ఎన్ని పోయాలో ఆమె చేతికి తెలుసు. "మరి నీకు?"

"రేపు సేతికి ఆపరేసను. ఇంక బరువులెత్తకూడదట. ఇదే ఆకరి టీవీ."

"అయితే గట్టిగా పట్టుకో. జారిందంటే నా టీవీ పోతాది, నీ పేరూ పోతాది."

సన్యాసయ్యకి నవ్వొచ్చింది. కుడికొస ఆమె పట్టింది, ఎడమకొస అతను. ఎత్తేటప్పుడు ఎడమచేతి నరాలు ఉబ్బి నీలంగా పైకి తేలాయి. వాటికేసి ఒకసారి చూసుకున్నాడు. టీవీ కొక్కేల్లో టక్కున కూర్చుంది.

డిష్ మనిషి మర్నాడు గానీ రాడు. అందుకని షాపు పెన్‌డ్రైవులో ఉన్న నమూనా వీడియో పెట్టాడు. నీలంసముద్రం, పగడాల మధ్య పసుప్పచ్చ చారల చేపలు. అలవాటుగా గోడకి చేరబడి అప్పలమ్మ మొహం చూశాడు. ఆమె కళ్ళు పెద్దవి కాలేదు. మూతి ముడిచింది.

"ఏటి సేపలివి? కూరకా, ఏపుడుకా? ఎందుకూ పనికిరావు." ఒక్క క్షణం ఆగి, "నీటి లోపల ఇంత ఎలుగుంటాదేటి," అంది మెల్లగా. "పాపం, గురయ్య ఎప్పుడూ పడవ పైనుంచి సూసినోడే."

తరవాత అతనివైపు తిరిగింది.

"ఇన్నేసి ఇల్లకి ఎల్తావు కదా. నీకేటి సూడాలనుందో ఎవులైనా అడిగేరా?"

అతను ఫోను తీసి టీవీకి కలిపాడు. చివరికి నొక్కాడు.

తెరనిండా సరస్వతి. అతను భయపడ్డట్టే అయింది. ముక్కు చెంపలో కలిసిపోయింది. కళ్ళు రెండు నల్లటి చదరాలు. చీర మీది పువ్వులు బురదమరకల్లా ఉన్నాయి. గొంతు మాత్రం గదంతా నిండింది. "ఏటది? బియ్యంలో రాల్లు తీత్తంటే నన్నేటి తీత్తన్నావు?" అంతే, ఆగిపోయింది.

సన్యాసయ్య తెరకి జానెడు దూరంలో నిలబడి ఉన్నాడు. ఫోను ఆపేయబోయాడు.

"ఇలా రా," అంది అప్పలమ్మ. ఆమె గుమ్మంలో, గురయ్య ఫోటో పక్కన ఉంది. "అంత దగ్గరకెల్లి సూత్తే ఏటి అగుపడతాది? నాకిక్కడికి మనిసి బాగానే ఉంది. ఇంకోపాలి ఎయ్యి."

అతను మళ్ళీ నొక్కి వెనక్కి నడిచాడు. అడుగు అడుగుకీ చదరాలు కరిగి ఒకదాంట్లో ఒకటి ఒదిగాయి. గది సగానికి ముక్కు వచ్చింది. గుమ్మానికి వీపు ఆనేసరికి చేట, చేటలో బియ్యం, నల్లటి వేళ్ళు, నుదుటి మీద వంకర బొట్టు, అన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. సరస్వతి తలెత్తి అతన్నే చూసింది.

"కోపంగా ఉందేటి?" అంది అప్పలమ్మ.

"కోపమే. నవ్వొత్తంటే దాసుకుంతంది."

ఇంకోసారి వేశాడు. ఇంకోసారి. టీవీ వెలుగు పడ్డ అతని మొహాన్ని ఇన్నేళ్ళలో చూసినవాళ్ళు లేరు. అప్పలమ్మ టీవీ చూడలేదు. ఆ మొహాన్నే చూస్తూ నిలబడింది. తరవాత బయట కాకుల్ని అదిలించాలని గుర్తొచ్చినట్టు అరుగు మీదకి వెళ్ళిపోయింది.

హారన్ వినిపించింది. సన్యాసయ్య మొహం తుడుచుకుని సామాన్లు సంచీలో వేసుకున్నాడు. గోడకి డ్రిల్లు వేసిన అదురుకి ఫోటో కొంచెం ఒరిగినట్టు అనిపించి, రసమట్టం మళ్ళీ చట్రం మీద పెట్టి సర్ది, దండ వేశాడు.

"ఎల్తానమ్మా."

"ఎల్లొత్తానను."

"ఎల్లొత్తాను."

ట్రాలీ ఆటో ఇసక రేపుకుంటూ కొబ్బరిచెట్ల మధ్యకి వెళ్ళింది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడిచెయ్యి వేసుకుని కూర్చున్నాడు సన్యాసయ్య. త్రినాథ్ ఏదో చెబుతూనే ఉన్నాడు. అతను ఊఁ కొడుతున్నాడు.

వానలు వెనకబట్టాక టీవీలో సౌండు రావడం లేదని అప్పలమ్మ కబురుపెడితే, త్రినాథ్ ఒక కొత్త మనిషిని తీసుకుని వచ్చాడు. సన్యాసయ్య మావ దసరా ముందర పోయాడని చెప్పాడు. మిషను ఎక్కించింది కొన్నాళ్ళేనని, గదిలో ఒక్కడే ఉన్నాడని చెప్పాడు. అప్పలమ్మ చేతిలోని చేపని తిరగేసి ఆరబెట్టింది.

వెళ్ళేటప్పుడు త్రినాథ్ గుమ్మం పక్కన తలెత్తి చూసి, చెయ్యి చాపాడు.

"ఇది మా మావదే. ఎక్కడ ఒగ్గీసేడోనని ఎంత ఎతుక్కున్నాడో."

"ఉండనీ," అంది అప్పలమ్మ.

గురయ్య ఫోటో చట్రం మీద, దండ వెనక, రసమట్టం అలాగే ఉంది. ఎదురుగా టీవీ వెలుగు పడినప్పుడల్లా పచ్చనీళ్ళు మెరుస్తాయి. బుడగ నడిమినే ఉంది.