వక్కాకు పెట్టెలో ఫోను

ఫోనుకు సిగ్నల్ పోయిన దగ్గర్నుంచి ఢిల్లీబాబు మనసు మనసులో లేదు. వేరే రోజుల్లో అయితే పీడ విరగడైందని సంతోషించేవాడే. చీరలు ఎప్పుడిస్తావని షావుకారు ఆదిమూలం పొద్దు పొడవకముందే ఫోను చేసి ప్రాణం తోడేస్తుంటాడు. కానీ ఇప్పుడు ఆయన ఎదురుచూస్తున్నది షావుకారు ఫోను కోసం కాదు, చెల్లెలు భానుప్రియ ఫోను కోసం.

భానుప్రియను ఐరాలలో ఇచ్చారు. ఆమె కూతురు లోహితకు ఈ శుక్రవారం కాణిపాకంలో చెవులు కుట్టిస్తున్నారు. పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి, మేనమామ తెచ్చిన కమ్మలే పెట్టాలి. మేనమామ నిక్షేపంలా ఉండగా పిల్ల ఇంకొకరి ఒళ్ళో కూర్చుందంటే ఆ మామ బంధువుల్లో తలెత్తుకుని తిరగలేడు. తలెత్తుకోవడం సంగతి అలా ఉంచండి, ఢిల్లీబాబుకు ఆ పిల్లంటే ప్రాణం.

మరి చిక్కెక్కడ వచ్చిందంటే, ఆయన నోటి దగ్గరే వచ్చింది. ఆదివారం చెల్లెలు ఫోను చేసి రమ్మని పిలిస్తే, శుక్రవారమే ఆదిమూలానికి సరుకియ్యాలి, ఒక వారం జరుపుకోకూడదా అన్నాడు. అంతే, ఆమెకు ఒళ్ళు మండింది.

"పుట్టెంటికలు తీసేనాడూ ఇట్లే మగ్గం మగ్గం అని, పిల్లకు గుండు గీకినాక వచ్చినావు. ఇంగ జరిపేదుండదన్నా. నువ్వు రాకుంటే పోన్లే, వాళ్ళ సిన్నాయన ఒళ్ళో కూర్సోబెట్టుకుంటాం."

"అట్లే కానీండి. మామ సచ్చిపోయినాడనుకోండి."

అనేసి ఫోను పెట్టేశాడు. పెట్టేసిన మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. తిరిగి చేద్దామంటే పౌరుషం అడ్డమొచ్చింది. చెల్లెలే మళ్ళీ చేస్తుంది, కాసేపు బెట్టు చేసి సరేలే వస్తానంటే సరిపోతుంది అనుకున్నాడు.

ఆ సాయంత్రమే ఫోను ఛార్జింగ్ ఎక్కనని మొండికేసింది. నగరి బజారులో ఫోన్లు బాగుచేసే ధనంజయ దగ్గరికి తీసుకుపోతే, అతను ఛార్జింగ్ బొక్కలోంచి సూదితో నూలు పొట్టు లాగి బయట పెట్టాడు.

"ఏందప్పా ఇది, దీంతో ఒక తువ్వాల నెయ్యొచ్చు. మగ్గం కాడ ఉన్నప్పుడు మూతుండే దాంట్లో పెట్టుకోరాదా?"

మాట బాగానే ఉందనిపించింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. భార్య చంద్రిక ఫోను పోయిన నెల గంజి గిన్నెలో పడి చచ్చింది. అందుకని మర్నాటి నుంచి ఢిల్లీబాబు తన ఫోనును, కాలం చేసిన అమ్మ తమలపాకులూ వక్కలూ పెట్టుకున్న వక్కాకు పెట్టెలో పెట్టి, దాన్ని మగ్గం పక్క గూట్లో ఉంచాడు. మందపాటి ఇత్తడి పెట్టె. మూత మూస్తే చీమకు కూడా దారుండదు. పెద్ద అరలో ఫోను, చిన్న అరలో గులాబీ కాగితంలో చుట్టిన లోహిత కమ్మలు. చెల్లెలు ముహూర్తం పెట్టకముందే కంసాలి ఆచారి వెంటపడి చేయించి ఉంచిన కమ్మలవి.

పోగు తెగినప్పుడల్లా మగ్గం ఆపి, పోగు అతికి, పెట్టె తెరిచి చూసేవాడు. సిగ్నల్ గీతలుండాల్సిన చోట కొట్టేసిన గుర్తు ఉండేది. ఉసూరుమని మూత మూసేవాడు. తెరిచిన ప్రతిసారీ కమ్మల పొట్లం కూడా కంటబడేది.

తనకు తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. ఫోను కట్టేసి మళ్ళీ వెలిగించాడు. విమానం బొమ్మ నొక్కి, మళ్ళీ నొక్కాడు. సిమ్ము ఊడదీసి లుంగీ అంచుతో తుడిచాడు. ప్రతి వైద్యం కాగానే దుమ్ము పడుతుందని పెట్టెలో పెట్టేసి, కాసేపాగి తెరిచేవాడు. రోగి పరిస్థితి ఎప్పటిలాగే ఉండేది. పగలంతా ఇదీ వరస. రాత్రి ఆన్‌లో పెట్టి ఛార్జింగ్ ఎక్కిస్తే పేలుతుందని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, కట్టేసే పెట్టేవాడు.

"పక్కింటోళ్ళ ఫోన్లో నువ్వే ఒక మాట మాట్లాడొచ్చు గదయ్యా" అంది చంద్రిక.

"నేనెందుకు సేసేది? మాటనింది అది."

"నువ్వేమన్నావో నేను ఇన్లేదా?"

ఢిల్లీబాబు పోయి మరమగ్గం స్విచ్చి వేశాడు. మగ్గం నడుస్తుంటే ఎవరి మాటా వినపడదు, అదొక సుఖం.

మంగళవారం ఫోను జేబులో వేసుకుని మళ్ళీ ధనంజయ దగ్గరికి పోయాడు. దారిలో ఏవో మెసేజ్‌లు టింగు టింగుమన్నాయి. రీచార్జి చేసుకోమని వచ్చేవేగా అని ఆయన వాటి మొహం చూడలేదు. అంగడిలో చూస్తే గీతలు నిండుగా ఉన్నాయి.

"బాగనే ఉండాది గదప్పా" అన్నాడు ధనంజయ.

"మీ ఈదిలో ఉండాది, మా ఇంట్లో లేదు."

"అట్లయితే గుట్ట అవతల తమిళనాడు టవరు పట్టుకుంటా ఉంటాది. మన టవరుకే కట్టేస్తాను ఉండు" అని ఏదో నొక్కి ఇచ్చాడు.

ఢిల్లీబాబు అక్కడే బల్ల మీద కాసేపు కూర్చున్నాడు. గీతలు నిండుగా ఉన్నాయి, ఫోను మాత్రం మోగలేదు. చెల్లెలి పేరు మీద వేలు పెట్టి, తీసేశాడు. అంటే సిగ్నల్ లేక కాదన్నమాట, దాని మనసులోనే తను లేడన్నమాట అనుకున్నాడు. లేచి ఇంటికి తిరిగొచ్చాడు. ఫోను మళ్ళీ పెట్టెలోకి పోయింది, గీతలు మళ్ళీ పోయాయి.

గురువారం మధ్యాహ్నానికి ఇక ఉండబట్టలేకపోయింది. ఈసారి మూత తీయకుండా పెట్టెనే చంకలో పెట్టుకుని అంగడికి పోయి, ధనంజయ ముందు మూత తీశాడు. "సూడు, నీ అంగట్లో కూడా లేదిప్పుడు. ఇంగేం జెప్తావో జెప్పు."

ధనంజయ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క గీత వచ్చింది. తర్వాత అన్నీ వచ్చాయి. అతను ఫోనునూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, ఫోను లోపల పెట్టి మూత మూసి కాసేపాగి, తన ఫోను నుంచి చేశాడు. మీరు పిలిచిన వారు కవరేజీ పరిధిలో లేరని ఒకామె తీయగా చెప్పింది.

"ఇత్తడి పెట్టెలో పెట్టి మూస్తే సిగ్నల్ యాడ నుంచి దూరతాదప్పా?"

"మూతుండే దాంట్లో పెట్టమన్నది నువ్వే గదా?"

"నేను ప్లాస్టిక్ డబ్బా అనుకున్నాను" అని ధనంజయ నవ్వబోయి, అప్పుడే వచ్చిపడిన మెసేజ్‌లు చూసి ఆగిపోయాడు. "ఇవి రీచార్జివి గాదప్పా. నువ్వు అందనప్పుడు ఎవరు జేసినారో జెప్పేవి. అన్నీ ఒకే నంబరు. సోమారం నుంచి ఈ పొద్దు దాకా చేస్తానే ఉండారు."

నంబరు చదివి వినిపించాడు. సగం చదవగానే మిగతా సగం ఢిల్లీబాబు చెప్పేశాడు. చెల్లెలు చేసింది, చేసి చేసి చేతులు నొప్పి పుట్టించుకుంది, నేనేమో మూత మూసి కూర్చున్నాను. వెంటనే చెల్లెలికి చేశాడు, పౌరుషం ఇప్పుడు గుర్తుకు కూడా రాలేదు. ఫోను స్విచ్ఛాఫ్. ఇంకోసారి చేశాడు, మళ్ళీ స్విచ్ఛాఫ్. విసిగిపోయి కట్టేసిందనుకున్నాడు. రేపు తెల్లారితే ముహూర్తం. ఐరాల పోవడానికి ఉన్నపళంగా చిత్తూరు బస్సెక్కాలని, చొక్కా మార్చుకోవడానికి ఇంటికి పరుగెత్తాడు.

గడప దగ్గర చిన్న చెప్పులు కనిపించాయి. లోపల భానుప్రియ వదినకు బొట్టు పెడుతూ ఉంది. అన్నను చూసి కుంకుమ భరిణె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నా నంబరు బ్లాకులో పెట్టినావంట గదా. మా ఆయన జెప్పినాడు, అన్నిసార్లు అందకపోతే అదే అర్థమంట. ఫోన్లో పిలిస్తే పలకవు, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిస్తే ఎట్లా రావో సూస్తామని వచ్చినాను." అంత కోపంగా మొదలుపెట్టిన మనిషికి చివరికొచ్చేసరికి కళ్ళు నిండిపోయాయి.

"నీ ఫోనెందుకు కట్టేసినావు?"

"కట్టేసేదేంది? బస్సులో ఈ పిల్ల బొమ్మలు సూసి సూసి ఛార్జింగ్ అయిపోయింది."

ఢిల్లీబాబు పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. చెప్పవలసిందంతా చెప్పేసరికి చంద్రిక తలుపు పట్టుకుని నవ్వుతోంది. భానుప్రియ పెట్టె మూత మీద చెయ్యి వేసి, "అమ్మ పెట్టెరా ఇది" అంది. చిన్నప్పుడు కోపం పోయినప్పుడల్లా అన్నను అలాగే రా అనేది. తర్వాత చిన్న అర తెరిచి, గులాబీ పొట్లం విప్పి చూసి, ఈసారి ఆపుకోలేక ఏడ్చింది.

"తప్పు నాదేనే. పెట్టెది గాదు" అన్నాడు ఢిల్లీబాబు. పోయి మగ్గం మెయిన్ స్విచ్చి తీసేశాడు. సగం నేసిన చీర అలాగే మగ్గం మీద ఉండిపోయింది. సాయంత్రం బస్సుకు అందరూ బయల్దేరారు.

శుక్రవారం పొద్దున కాణిపాకంలో లోహిత మామ ఒళ్ళో కూర్చుని రెండు చెవులూ చేతులతో మూసుకుంది.

"నొప్పి పుడితే ఎట్ల మామా?"

"నా చెయ్యి కొరుకు."

పిల్ల కాసేపు ఆలోచించి, చేతులు తీసి, మామ ముంజేతిని ముందుగానే నోటి దగ్గర పెట్టుకుంది. చెవులు కుట్టే ఆచారి తీగ అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఢిల్లీబాబు జేబులో ఫోను మోగింది. ఆదిమూలం. ఆచారి చెయ్యి ఆగింది, భానుప్రియ ముఖం మాడింది.

ఢిల్లీబాబు ఫోను కట్ చేసి, కమ్మలు తీయగా ఖాళీగా ఉన్న వక్కాకు పెట్టెలో పెట్టి, మూత గట్టిగా నొక్కి చెల్లెలి చేతికిచ్చాడు.

"ఇంగ మనల్ని ఎవురూ పిలవలేరు. నువ్వు కానీ ఆచారీ" అన్నాడు.