మలుపు తిరగని బల్ల

రంపం సంచిలో వేసుకుని వడ్రంగి లైబ్రరీకి బయల్దేరాడు. కాళ్లు మాత్రం వెనక్కి లాగుతున్నాయి. తను చేసిన బల్లని తనే కోయాలి. పైఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు కబురు పెట్టాడు.

ఆ బల్ల సంగతి ఊరందరికీ తెలుసు. ఆరేళ్ల కిందట లైబ్రరీ పక్కగదికి పన్నెండడుగుల బల్ల చేయమన్నారు. వానాకాలం. చెక్కలు తడుస్తాయని గదిలోనే పని పెట్టుకున్నాడు. బల్ల బ్రహ్మాండంగా కుదిరింది. తర్వాత సున్నం వేయడానికి బయటికి తీద్దామంటే రాలేదు. గుమ్మం దాటగానే ఇరుకు నడవా, ఎదురుగా గోడ. నిలబెట్టారు, పడుకోబెట్టారు, ఏటవాలుగా ఎత్తారు. మలుపు దగ్గర ఆగిపోయింది. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజు నుంచి అతనికి కొలతల మావయ్య అని పేరు పడింది. అతను కిక్కురుమనలేదు. అసలే మాటలు తక్కువ మనిషి.

అయినా ఊరు ఆ బల్ల చుట్టూనే చేరింది. పొద్దున నర్సమ్మ దాని మీద పసిపిల్లల్ని తూస్తుంది. మధ్యాహ్నం దర్జీ వదిన గుడ్డ పరిచి నలుగురికి కత్తిరింపు నేర్పుతుంది. సాయంత్రం పాత మేష్టారు పేపరు పైకి చదువుతాడు. వడ్రంగి మూల కుర్చీలో కూర్చుని వింటాడు. అతని చదువు మూడో తరగతితోనే ఆగింది. అక్షరాలు కూడబలుక్కునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. రోజు మొత్తంలో అతను ఎదురుచూసేది ఆ గంట కోసమే.

ఇప్పుడు ఆ గదిలో ఆఫీసు పాత ఫైళ్లు పెట్టి తాళం వేస్తారట. బల్ల ఉంటే బీరువాలకి చోటు లేదు. వడ్రంగి వచ్చేసరికి వీధిలో లారీ ఆగి ఉంది, బల్ల చుట్టూ మేష్టారుతో సహా అందరూ మూగి ఉన్నారు.

"ఇంతసేపా పెద్దాయనా? మధ్యకి కోసేయ్" అన్నాడు ఆఫీసరు.

"చేతులెలా వస్తాయి మావయ్యా నీకు?" అంది దర్జీ వదిన.

వడ్రంగి బద్ద పెట్టి నడిమధ్య పెన్సిల్ గీత గీశాడు. రంపం తీశాడు. అక్కడ ఆగాడు.

"ఈ చెక్క ఎవరిదండీ?"

"ఎవరిదేంటయ్యా, గవర్నమెంటుది!"

"పరాయి చెక్క మీద రంపం పెట్టేముందు సొంతదారుని అడగడం మా నాన్న నేర్పాడండీ. కోశాక మళ్లీ అతకదు. కోయమని కాగితం మీద రాసివ్వండి."

గదిలో అందరూ నోళ్లు తెరిచారు. అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు.

"నేను చెప్తున్నాగా?"

"అదే రాయండి."

లైబ్రరీ అమ్మాయి చటుక్కున రిజిస్టరు తెచ్చింది. "సార్, బల్ల స్టాకులో ఇరవై మూడో నంబరు. ఎవరి ఉత్తర్వుతో కోశారో రాయడానికి ఇక్కడ గడి ఉంది. మీ పేరు రాయమంటారా?"

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. గడి వంక చూశాడు. మూత పెట్టేశాడు.

"కాళ్లు ఊడదీయి. పైపలక అలా తీసుకుపోదాం."

వడ్రంగి రంపం కింద పెట్టాడు. ఆరేళ్లుగా నోటి దాకా రాని మాట ఇప్పుడు అన్నాడు.

"పలక కూడా తిరగదండీ. నడవా మలుపు నేను కొలవలేదు. మర్చిపోయా. తప్పు నాదే."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు నడవాలోకి వెళ్లి గోడకి జేనలు వేసి చూశాడు. తిరిగొచ్చి తన పుస్తకంలో రాసుకున్నాడు, 'ఈ గది ఫైళ్లకి పనికిరాదు' అని. దాని కింద మాత్రం తడుముకోకుండా సంతకం గీకాడు.

లారీ మలుపు తిరిగి కనుమరుగయింది. అప్పుడు నర్సమ్మ ఊపిరి వదిలింది. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టారు.

"నిజం చెప్పు మావయ్యా, ఆ రోజు కావాలనే కొలవలేదు కదూ?" అంది దర్జీ వదిన.

"లేదమ్మా. మర్చిపోయా."

"అబ్బా, ఇవాళైనా కాస్త గొప్ప చెప్పుకోవయ్యా బాబూ!"

ఈసారి అందరితో పాటు అతనూ నవ్వాడు. తడి బొటనవేలితో పెన్సిల్ గీత తుడిచేశాడు. రంపం సంచిలో పెట్టి, మూల కుర్చీలో కూలబడ్డాడు.

"మేష్టారూ, పేపరు వచ్చిందా?" అన్నాడు.