పొట్టి గడలు లేని పొలం

చెంచురామయ్య పొలంలో రిబ్బన్ కట్టిన నలభై చెరకు గడల్లో ఒక్కటి కూడా ఎనిమిది అడుగులకు తగ్గలేదని తేలేసరికి, ఎస్తర్ చేతిలోని టేపు జారి బురదలో పడింది.

"సార్, గిట్లెట్లయితది?"

లెక్కల మాస్టారు పాల్ రాజ్ ఆమె కొలతలు రాసిన కాగితం అందుకున్నాడు. గట్టుకు అవతల రాజారాం పొలంలోనూ నలభై గడలు కొలిచారు. అక్కడ ఐదు అడుగుల నుంచి పది దాకా అన్ని ఎత్తులూ ఉన్నాయి. రెండు పొలాల సగటునూ పోల్చే ఆ చార్టు రేపు నిజామాబాద్‌లో జిల్లా ప్రదర్శనకు చేరాలి. వాళ్ల బడి నుంచి ఎంపికైంది ఎస్తర్ ఒక్కతే.

శనివారం ఆమె పద్ధతిగానే చేసింది. సాలు నంబరు, అడుగుల లెక్క రాసిన చీటీలు తీసి, చీటీలో వచ్చిన సాలులో చీటీ చెప్పినన్ని అడుగులు నడిచి, కుడికాలి పక్కనున్న గడకు ఎర్ర రిబ్బన్ కట్టింది. సోమవారం టేపుతో వచ్చింది. మధ్యలో ఆదివారం.

"ఈ పొలంల సగం గడలు ఎనిమిది అడుగుల లోపే. కంటికే కనబడుతున్నయి," అన్నాడు పాల్ రాజ్. "చీటీలు తీస్తే నలభైకి నలభై పొడుగువే వచ్చినయంటే, రూపాయి బిళ్ల నలభైసార్లు ఎగరేస్తే నలభైసార్లూ బొమ్మే పడ్డట్టు. రిబ్బన్లు ఎవరో మార్చిండ్రు. ఎవరో తేలకుంటే ఈ లెక్క నేను పంప."

ఎస్తర్ గిరుక్కున తిరిగింది. వెనక చెంచురామయ్య కొడుకు కిషోర్‌బాబు నిలబడి ఉన్నాడు. బడి ఎంపికలో ఆమె తర్వాత రెండోవాడు.

"నువ్వే గదరా! నా పేరు వచ్చినప్పటి సంది నాతోని మాట్లాడుతలేవు."

"కుళ్లు ఉంది. కాదనను. కానీ నీ ప్రాజెక్టు కోసం నేను పొద్దున్నే లేచి చెరకులో దూరాలా? పరీక్షలకే లేవను."

పాల్ రాజ్ నవ్వలేదు. "వీడైతే రిబ్బన్లు తెంపి కాలువల పారేసేటోడు. ఇవి చూడు, ఏరి ఏరి పొడుగు గడలకే కట్టి ఉన్నయి. రాజారాం పొలంల ఒక్కటి కదల్లే. ఈ పొలం సగటు ఒక్కటే పెరిగింది. పెరిగితే ఎవరికి సంతోషం?"

ముగ్గురూ గట్టు వైపు చూశారు. అక్కడ నిలబడి అంతా వింటున్న చెంచురామయ్య తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"పిల్లాణ్ణి వదిలెయ్యండి మాస్టారూ, నేనే మార్చాను. ఇద్దరికీ నిజాంసాగర్ నీళ్లే, ఒకే కాలువ, ఒకే విత్తనం. అయినా పదేళ్లుగా రాజారాం చెరకే ముందు లేస్తుంది. వాడు గట్టు మీద బీడీ కాల్చుకుంటూ నా పొలం వంక చూసి నవ్వితే నాకు అన్నం దిగదు. అదిప్పుడు చార్టుకెక్కి నిజామాబాద్‌లో గోడకు వేలాడుతుందంటే తట్టుకోలేకపోయా. నిన్న పొద్దున రిబ్బన్లన్నీ విప్పి, పక్కనున్న పొడుగు గడలకు కట్టా. నీకు చెడు చెయ్యాలని కాదమ్మా ఎస్తర్, నీ సంగతే గుర్తు రాలేదు. మళ్లీ చీటీలు తియ్యి. పొట్టివి కూడా కొలువు, నేను పొలంలో అడుగు పెట్టను. వాడి చెరకు నాదానికన్నా బాగుందని నీ లెక్క రాకముందే నాకు తెలుసు."